అణుదాడికి సిద్ధపడటం ఎలా: మందపాటి గోడ, రెండు వారాల నీళ్లు, ఇంట్లో ఒక ఒప్పందం

బాంబు నేరుగా నెత్తిన పడితే కింద రాసిందేదీ అక్కరకు రాదు. ఆ మాట ముందే ఒప్పేసుకుంటే మిగతాది తేటగా మాట్లాడుకోవచ్చు. పేలిన చోట అంతా బూడిదవుతుంది, సరే. కానీ దాని చుట్టూ అంతకు ఎన్నో రెట్లు పెద్ద వలయం ఒకటి ఉంటుంది. అక్కడ ఎవరు బతుకుతారన్నది ఆ క్షణంలో ఏ గోడ వెనక ఉన్నారు, ఆ తర్వాతి పావుగంటలో ఏం చేశారు అన్నదాని మీద ఉంటుంది. మామూలు మనుషులైనా, ప్రభుత్వమైనా సిద్ధపడగలిగేది ఆ వలయం కోసమే.

గోడ ఎంత పని చేస్తుందో చెప్పడానికి హిరోషిమా ఉదాహరణ ఒకటి చాలు. 1945 ఆగస్టు 6 ఉదయం, పేలుడు కేంద్రానికి దాదాపు 170 మీటర్ల దూరంలోని ఒక కాంక్రీటు ఆఫీసులో కాగితాల కోసం బేస్‌మెంట్‌లోకి దిగిన ఉద్యోగి బయటపడి, 1982 దాకా బతికాడు. పైన పనిలో ఉన్న సహోద్యోగులు ప్రాణాలు కోల్పోయారు. అంత దగ్గర్లో బతకడం అదృష్టమే, అందులో అనుమానం లేదు. రెండు, మూడు, పది కిలోమీటర్ల దూరంలో మాత్రం అదే కాంక్రీటు అదృష్టంతో పని లేకుండా కాపాడుతుంది.

ఏది ముందు, ఏది వెనక

గాల్లో పేలిన మామూలు అణుబాంబు శక్తిలో సుమారు సగం గాలిదెబ్బగా, మూడోవంతుకు కాస్త ఎక్కువ వేడిగా, మిగిలిన 15 శాతం రేడియేషన్‌గా వెళ్తుంది. ఇవన్నీ ఒకేసారి వచ్చి మీద పడవు. మెరుపూ వేడీ కాంతి వేగంతో వస్తాయి. గాలిదెబ్బ కాస్త దూరం దాటాక ఇంచుమించు శబ్దంతో పాటే నడుస్తుంది, కిలోమీటరుకు సుమారు 3 సెకన్లు. అణుధూళి, అంటే రేడియోధార్మికత అంటుకుని పైనుంచి రాలే దుమ్ము, అన్నిటికన్నా వెనక వస్తుంది. ఒకటి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నవాళ్లకు కనీసం పది, పదిహేను నిమిషాలు పడుతుంది. ఇంకా దూరంలో ఉంటే గంటలు.

నగరంలో నేల మీద 10 కిలోటన్నుల బాంబు పేలిందనుకుందాం. కిలోటన్ను అంటే వెయ్యి టన్నుల టీఎన్‌టీ పేలుడు మందుకు సమానమైన శక్తి. హిరోషిమా బాంబు 15 కిలోటన్నులు. సుమారు 800 మీటర్ల లోపల భవనాలు చాలావరకు నిలవవు. 1.6 కిలోమీటర్ల దాకా గోడలు కూలతాయి, వాహనాలు తిరగబడతాయి. 5 కిలోమీటర్ల దాకా ప్రధాన ప్రమాదం పగిలే అద్దాలు. గాలి పోయే దిక్కుగా 16 నుంచి 32 కిలోమీటర్ల దాకా ప్రాణాంతకమైన అణుధూళి పడవచ్చు.

బాంబు వంద రెట్లు పెద్దదైతే గాలిదెబ్బ చేరే దూరం వంద రెట్లు కాదు, నాలుగున్నర రెట్లే పెరుగుతుంది. వేడి చేరే దూరం అంతకన్నా ఎక్కువగా పెరుగుతుంది. అందుకే పెద్ద బాంబుల విషయంలో కాలిన గాయాలూ మంటలే ఎక్కువమందిని బలి తీసుకుంటాయి.

బాగా ఎత్తులో పేలితే స్థానికంగా అణుధూళి చాలా తక్కువ. నేలను తాకితే మాత్రం మట్టి, సిమెంటు, ఇనుము అన్నీ ఆవిరై పైకి లేచి, గడ్డకట్టి, రేడియోధార్మికత అంటుకున్న ఇసుక రేణువుల్లా కిందికి రాలతాయి. పేలుడు ఎత్తు ఎంతో ఆ నిమిషంలో మీకు తెలిసే వీలు లేదు. అణుధూళి వస్తుందనే అనుకుని నడుచుకోండి.

మొదటి నిమిషం: కిటికీ దగ్గరికి వెళ్లకండి

చిన్న మాటలా కనిపిస్తుంది గానీ ఈ మొత్తంలో అన్నిటికన్నా చవకగా ప్రాణం కాపాడేది ఇదే. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద ఉల్క పేలింది. దాని శక్తి 400 నుంచి 500 కిలోటన్నులు. ఉల్క కాబట్టి అణు రేడియేషన్ లేదు, చాలా ఎత్తున పేలింది కాబట్టి వేడి కూడా పెద్దగా హాని చేయలేదు. మెరుపు చూసిన జనం 'ఏంటది' అని కిటికీల దగ్గర చేరారు. రెండు నిమిషాలు దాటాక గాలిదెబ్బ వచ్చింది. సుమారు 1,500 మంది గాయపడ్డారు, ఎక్కువమంది గాజుపెంకుల వల్లే. ఒక బడిలో మాత్రం టీచరు 44 మంది పిల్లలను బల్లల కింద దూరమంది. పిల్లల్లో ఎవరికీ దెబ్బ తగల్లేదు, నిలబడి ఉన్న ఆమెకే గాజు కోసుకుంది. బల్ల కింద దాక్కోమనే పాత డ్రిల్లును ఎగతాళి చేసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మామూలు కాని, కళ్లు బైర్లు కమ్మే మెరుపు కనబడితే:

1. అటు చూడకండి. పగటిపూట కూడా 10 కిలోటన్నుల మెరుపు దాదాపు 20 కిలోమీటర్ల దాకా కాసేపు చూపు పోగొట్టగలదు.
2. ఉన్నచోటే బోర్లా పడుకోండి. చేతులు ఒంటి కిందికి, మొహం నేలకు. పక్కనే గోడో గట్టో ఉంటే దాని వెనక్కి, కాలువో గుంతో ఉంటే అందులోకి. పరుగెత్తి వెళ్లేంత దూరం మాత్రం వద్దు.
3. లోపల ఉంటే కిటికీకి దూరంగా, బల్ల కింద.
4. గాలిదెబ్బ వెళ్లాక వెంటనే లేవకండి. తగ్గిన పీడనం నింపడానికి గాలి వెనక్కి తిరిగి వస్తుంది, వేలాడుతున్న పెచ్చులు అప్పుడు ఊడిపడతాయి. ఏ చప్పుడూ రాకపోయినా రెండు నిమిషాలు అలాగే ఉండండి.
5. డ్రైవింగ్‌లో ఉంటే బండి పక్కకు ఆపి, తల కిటికీ అంచుకన్నా కిందికి దించండి.

పావుగంట: మంచి గోడ వెనక్కి

గాలిదెబ్బ నుంచి బతికారంటే పది పదిహేను నిమిషాల గడువు దొరికినట్టే. ఆ గడువులో ఊరు దాటి పారిపోదామనుకోవడమే చాలామంది చేసే తప్పు. రోడ్లు శిథిలాలతో నిండుతాయి, సిగ్నళ్లు పనిచేయవు, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్ల మీద అణుధూళి పడుతుంది. ఆ ధూళి నుంచి గామా కిరణాలు వస్తాయి, అవి వస్తువుల్లోంచి దూసుకుపోయే రేడియేషన్. కారు అద్దమూ రేకూ వాటిని దాదాపు ఆపవు. గాలివాటు చూసి దిక్కు ఎంచుకుందామనుకున్నా కుదరదు. ధూళిమేఘం కొన్ని కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది, అక్కడి గాలి మొహానికి తగిలే గాలికి వ్యతిరేక దిశలో పోతుండవచ్చు.

అణుధూళి నుంచి వచ్చే గామా కిరణాలను అడ్డుకునేది ముఖ్యంగా బరువు. కిరణాలు సగానికి తగ్గాలంటే అడ్డుగా సుమారు 6 సెంటీమీటర్ల కాంక్రీటు, లేదా 9 సెంటీమీటర్ల దిమ్మిసకొట్టిన మట్టి, లేదా 1.8 సెంటీమీటర్ల ఉక్కు ఉండాలి. లెక్క వేసి చూడండి, అన్నీ ఒకే చోటికి వస్తాయి: మీకూ ధూళికీ మధ్య చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల బరువు ఉంటే డోసు, అంటే ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదు, సగమవుతుంది. ఇంకో 150 పెడితే పావు. పది పొరలు పెడితే వెయ్యో వంతు. ఏ వస్తువన్నది పట్టించుకోనక్కర్లేదు, ఎంత బరువన్నదే ముఖ్యం. దూరం కూడా కలిసొస్తుంది. ధూళి నేల మీదా కప్పు మీదా ఉంటుంది కాబట్టి రెండింటికీ ఎంత దూరంగా ఉంటే అంత మేలు.

దీన్నిబట్టి చోటు ఎంచుకోండి. చెక్క, రేకు ఇళ్లలో బయటి డోసులో సగమో మూడోవంతో తగులుతుంది, అంతే. రెండు మూడు అంతస్తుల ఇటుక భవనం లోపలి గదిలో పదో వంతు. పెద్ద కాంక్రీటు భవనం బేస్‌మెంట్‌లో, లేదా మధ్య అంతస్తుల నడిమి భాగంలో వందో వంతు, అంతకన్నా తక్కువ. లిఫ్టు షాఫ్టు చుట్టూ ఉండే మెట్లదారి, కిటికీ లేని కారిడారు, స్టోర్‌రూము మంచివి. పై మూడు అంతస్తులూ వద్దు, కప్పు మీద ధూళి పడుతుంది. గ్రౌండ్ ఫ్లోరులో బయటి గోడ పక్కనా వద్దు. పక్క భవనం డాబాకు సమానమైన ఎత్తులో ఉన్న అంతస్తును చాలామంది గమనించరు. ఆ డాబా మీది ధూళి కిటికీలోంచి నేరుగా మిమ్మల్నే చూస్తుంటుంది.

మీరున్నది రేకుల షెడ్డు, ఐదు నిమిషాల నడకలో మంచి కాంక్రీటు భవనం ఉంటే వెంటనే కదలండి. పావుగంట నడక దూరమైతే ముందు దొరికిన చోట తలదాచుకుని, పేలిన అరగంట లోపల మారిపోవడం మేలు. అంతకన్నా దూరమైతే ఉన్నచోటును బలపరచుకోవడమే తెలివి.

ఒక మినహాయింపు. భవనం అంటుకుంటే, కూలేలా ఉంటే, గ్యాసు వాసన వస్తే బయటికి రావాల్సిందే, ధూళి ఉన్నా సరే. మంట నిమిషాల్లో చంపుతుంది. రేడియేషన్ డోసు గంటల మీద పోగవుతుంది. హిరోషిమాలో మంటలన్నీ కలిసి అగ్నితుఫానుగా మారడానికి అరగంట కూడా పట్టలేదు. అందుకే లోపలికి చేరగానే మొదటి పని ఒక్క చుట్టు తిరిగి చిన్నచిన్న మంటలు ఆర్పడం, గ్యాసు కట్టేయడం.

ఒంటి మీద ధూళి పడితే

అణుధూళి కంటికి కనిపించదనే భయం చాలామందిలో ఉంది. ప్రాణం తీసేంత మోతాదులో పడేది మాత్రం చాలావరకు కనిపిస్తుంది. ఉప్పు, ఇసుక, బూడిదలా ఉంటుంది. 1954 మార్చి 1న అమెరికా బికినీ దీవిలో చేసిన బ్రావో పరీక్ష 15 మెగాటన్నులు (15,000 కిలోటన్నులు) పేలింది, వాళ్లు వేసుకున్న అంచనాకు రెండున్నర రెట్లు. కొన్ని గంటల తర్వాత రాంగెలాప్ దీవి మీద తెల్లటి పొడి రాలింది. అదేమిటో తెలియని పిల్లలు దానితో ఆడుకున్నారు. అది పడిన చోటల్లా చర్మం కాలింది, జుట్టు రాలింది. వాళ్లను అక్కడినుంచి తరలించేసరికి రెండు రోజులు దాటింది. ఆ పొడిని వెంటనే దులిపి కడుక్కుంటే చర్మం కాలడం చాలావరకు తప్పేదని చెప్పేవాళ్లే వాళ్లకు లేకపోయారు.

గుమ్మం దగ్గరే పైబట్టలు, చెప్పులు విప్పేయండి. అంటుకున్న ధూళిలో 80 నుంచి 90 శాతం వాటితోనే పోతుంది. చొక్కా తల మీదుగా లాగకండి, గుండీలు విప్పండి లేదా కత్తిరించండి. లేకపోతే ధూళి కళ్లలో, నోట్లో పడుతుంది. విప్పినవి సంచీలో పెట్టి, మూతి కట్టి, మనుషులకు దూరంగా ఓ మూల ఉంచండి. తర్వాత సబ్బుతో, పారే నీళ్లతో స్నానం. గట్టిగా రుద్దవద్దు, చర్మం గీరుకుపోతే ధూళి లోపలికి పోతుంది. తలకు షాంపూ సరే, కండిషనర్ వద్దు, అది ధూళిరేణువులను వెంట్రుకలకు అంటిస్తుంది. నీళ్లు లేకపోతే తడిగుడ్డతో మొహం, చేతులు, మెడ, చెవుల వెనక తుడిచి, ముక్కు చీది, గుడ్డ ఆ సంచీలోనే వేయండి.

ధూళి వేరేవాళ్లకు అంటుతుందేమోనని గాయపడినవాళ్లను గుమ్మంలోనే నిలబెట్టకండి. ధూళి అంటిన మనిషి వల్ల మీకు వచ్చే డోసు చాలా తక్కువ. రక్తం కారుతుంటే ముందు దాన్ని ఆపండి.

ఎంతసేపు లోపల ఉండాలి

దీనికి ఏడు-పది లెక్క ఉంది. పేలి గడిచిన సమయం ఏడు రెట్లయిన ప్రతిసారీ రేడియేషన్ తీవ్రత పదో వంతుకు పడిపోతుంది. డోసును సీవర్టుల్లో కొలుస్తారు. గంట తర్వాత బయట గంటకు 1 సీవర్ట్ ఉందనుకోండి. ఏడు గంటలకు 0.1. రెండు రోజులకు 0.01. రెండు వారాలకు 0.001.

పోలికకు: సుమారు 1 సీవర్ట్ కొద్ది గంటల్లో తగిలితే వాంతులు మొదలవుతాయి. 4 దగ్గర, వైద్యం అందకపోతే, సగం మంది రెండు నెలల్లో చనిపోతారు. పై ఉదాహరణలో మొదటి గంట నుంచి 24వ గంట దాకా బయట ఉన్న మనిషికి దాదాపు 2.3 సీవర్టులు తగులుతాయి. రెండు వారాలూ బయటే ఉంటే 3.4. అంటే పద్నాలుగు రోజుల డోసులో మూడింట రెండొంతులు మొదటి రోజే. అదే మనిషి పదో వంతుకు తగ్గించే గదిలో ఉంటే ఆ రోజు 0.23, వందో వంతు గదిలో 0.02. జబ్బుపడటానికీ అసలు తెలియకపోవడానికీ ఉన్న తేడా అదే.

కాబట్టి కనీసం 24 గంటలు లోపలే. ఎవరైనా కొలిచి బయటికి రమ్మనకపోతే 48 గంటలు మేలు. గది నాసిరకంగా ఉంటే మాత్రం ఒక రోజు గడిచాక మంచి చోటికి మారడం గురించి ఆలోచించవచ్చు. అప్పుడు ధూళి పడిన పట్టీకి అడ్డంగా, అంటే గాలి పోయిన దిక్కుకు పక్కగా నడిచి బయటపడాలి, దాని వెంట నడవకూడదు.

ఈ లెక్క తప్పేది ఎప్పుడో కూడా తెలియాలి. ధూళి ఇంకా పడుతుంటే లెక్క మొదలే కాదు. రెండో బాంబు పేలితే గడియారం మళ్లీ మొదటికి వస్తుంది. అణువిద్యుత్ కేంద్రం ప్రమాదాలకు ఇది అసలు వర్తించదు, అక్కడ వెలువడేవి నెమ్మదిగా తగ్గే రకాలు.

గదిలో ఏముండాలి

నీళ్లు. మనిషికి రోజుకు 4 లీటర్లు. రెండు వారాలకు 56, నలుగురికి 224 లీటర్లు. అంత పెట్టుకోలేకపోతే ముందు మూడు రోజులకు సరిపడా 48 లీటర్లతో మొదలుపెట్టండి. హెచ్చరిక వస్తే ఉన్న గిన్నెలూ బకెట్లూ నింపేయండి. గీజరులో, మూత ఉన్న ట్యాంకులో ఉన్న నీళ్లు తాగవచ్చు. ఒక అపోహ: మరిగిస్తే రేడియోధార్మికత పోతుందని. పోదు. మరిగించడం, లీటరుకు రెండు చుక్కల వాసన లేని బ్లీచు వేసి అరగంట ఉంచడం సూక్ష్మక్రిములకే పనికొస్తాయి. ధూళి పడిన నీళ్లను కదపకుండా తేరనిచ్చి, పైతేట వడకట్టడమే దారి.

గాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. అణుధూళి వాయువు కాదు, రేణువులు. సందులన్నీ టేపుతో మూసేసి రోజంతా కూర్చుంటే ముంచుకొచ్చేది వేరే ప్రమాదం. మూడు మీటర్లకు నాలుగు మీటర్ల గదిలో ఆరుగురు ఉన్నారనుకోండి. ఒక్కొక్కరు గంటకు సుమారు 20 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతారు. పూర్తిగా మూసిన గదిలో మూడు గంటలకు అది 1 శాతం, ఎనిమిది గంటలకు 3 శాతం. తలనొప్పి, ఆయాసం మొదలవుతాయి. పైగా ఒక్కో ఒళ్లు 100 వాట్ల హీటరు, ఆరుగురంటే 600 వాట్లు. ఉక్కకు తట్టుకోలేక బయటికి పరుగెత్తేవాళ్లు ధూళి ఎక్కువగా ఉన్న గంటల్లోనే పరుగెడతారు. బయటి గాలిని లాగే ఫ్యాన్లు, ఏసీలు మొదటి కొన్ని గంటలు ఆపండి, కిటికీలు వేయండి. ఊపిరి బరువనిపిస్తే లోపలి తలుపులు, ధూళి నేరుగా పడని వైపు కిటికీ కొద్దిగా తీయండి. మనిషికి గంటకు 5 ఘనపు మీటర్ల కొత్త గాలి ఉంటే కార్బన్ డయాక్సైడ్ బెడద తీరుతుంది. ఎండాకాలం ఉక్కకు అంతకన్నా చాలా ఎక్కువ కావాలి. మూసిన గదిలో బొగ్గులు, స్టవ్వు వెలిగించవద్దు.

తిండి. వండనక్కర్లేనిది, దాహం పెంచనిది. దీని గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు, రెండు రోజులు సగం కడుపుతో ఎవరూ చావరు. డబ్బాలో, ప్యాకెట్లో ఉన్నదేదైనా సరే, పైన తుడిచి తెరవండి.

మరుగుదొడ్డి. మూత బిగుసుకునే 20 లీటర్ల బకెట్, మందపాటి సంచులు, సున్నం లేదా బ్లీచు. నలుగురికి అది రెండు రోజులు దాటి వస్తుంది. దీన్ని మరిచిపోయినవాళ్లే ఆరో గంటకు తలుపు తీస్తారు.

రేడియో. బ్యాటరీది, అదనపు బ్యాటరీలతో. చాలా ఎత్తున పేలిన బాంబు నుంచి వచ్చే విద్యుదయస్కాంత తాకిడి పొడుగాటి తీగలకే ఎక్కువ హాని చేస్తుంది. 1962 జూలై 9న పసిఫిక్ మీద 400 కిలోమీటర్ల ఎత్తున 1.4 మెగాటన్నుల బాంబు పేలిస్తే, దాదాపు 1,400 కిలోమీటర్ల దూరంలోని హొనొలులులో వీధిదీపాలు కొన్ని ఆరిపోయాయి. ప్లగ్గులో పెట్టని చిన్న రేడియో బతికే అవకాశం ఎక్కువ. పోయేది కరెంటు, దానితోపాటు సెల్‌టవర్లు.

మందులు. రోజూ వేసుకునేవి రెండు వారాలకు. రక్తం ఆపే కట్లు.

పొటాషియం అయొడైడ్ మాత్రల గురించి జనం అడగాల్సినదానికన్నా ఎక్కువే అడుగుతారు. అది థైరాయిడ్ గ్రంథిని అయొడిన్-131 అనే రేడియోధార్మిక అయొడిన్ నుంచి మాత్రమే కాపాడుతుంది. గోడల్లోంచి వచ్చే గామా కిరణాలకు దానితో ఏ అడ్డూ లేదు. 1986 చెర్నోబిల్ ప్రమాదం తర్వాత పోలండ్ కోటి మందికి పైగా పిల్లలకు అయొడిన్ ఇచ్చింది, అది సరైన సందర్భం. బాంబు విషయంలో అది గోడ, నీళ్ల తర్వాతే. ఇవ్వమని అధికారులు చెబితేనే, ఒక్కసారికి: పన్నెండేళ్లు దాటినవాళ్లకు 130 మిల్లీగ్రాములు, 3 నుంచి 12 ఏళ్లవాళ్లకు 65, నెల నుంచి మూడేళ్లవాళ్లకు 32, నెలలోపు శిశువుకు 16. టింక్చర్ అయొడిన్ తాగకూడదు, అది విషం.

ఇంట్లో ఒప్పందం

పేలిన అరగంటకు బయట రోడ్డు మీద కనిపించేవాళ్లలో ఎక్కువమంది పారిపోతున్నవాళ్లు కారు, బడి నుంచి పిల్లల్ని తెచ్చుకోవడానికి బయల్దేరినవాళ్లు. తల్లిదండ్రుల కాళ్లు కట్టేసే శక్తి ఏ ప్రకటనకూ లేదు. అందుకే ఈ మాట ముందే, తీరిగ్గా ఉన్న రోజున అనుకోవాలి: ఎవరు ఎక్కడుంటే అక్కడే లోపలికి, 24 గంటలు ఎవరూ ఎవరి కోసం బయల్దేరరు. బడి కాంక్రీటు భవనమైతే పిల్ల అక్కడ ఉండటం మీ చేతుల్లో, ధూళిలో, రోడ్డు మీద ఉండటంకన్నా ఎన్నో రెట్లు క్షేమం. పిల్లల్ని ఎవరికీ అప్పగించకుండా లోపలే ఉంచుతారా, ఏ గదిలో ఉంచుతారు అని బడివాళ్లను అడగండి. సమాధానం తడబడితే దాన్ని సరిచేయించడమే మీ సన్నాహం.

వేరే ఊళ్లో ఉన్న ఒక బంధువు నంబరు అందరికీ కంఠతా ఉండాలి. ఫోన్లు చేయకండి, మెసేజ్ పెట్టండి, అది ఇరుకు దారిలోనూ వెళ్తుంది. 'బతికే ఉన్నా, ఫలానా భవనం, బేస్‌మెంట్' అంటే చాలు.

గోడ చాలకపోతే

లోపలి గది మూలలో గట్టి బల్ల వేసి, బయటి గోడల వైపూ పైనా బరువు పేర్చండి: పుస్తకాలు, ధాన్యం బస్తాలు, నీళ్ల డబ్బాలు, ఇసుక సంచులు. నీళ్లయితే 15 సెంటీమీటర్లు చదరపు మీటరుకు 150 కిలోలు, అంటే ఒక సగం. బల్ల కింద అడ్డుదుంగలు పెట్టకుండా అంత బరువు పైకెత్తితే అది మీ మీదే కూలుతుంది. అలాగే డాబా మీద మట్టి పోద్దామనే ఆలోచన వద్దు. 30 సెంటీమీటర్ల మట్టి చదరపు మీటరుకు 500 కిలోలు, ఇళ్ల స్లాబులు మామూలుగా మోసేందుకు కట్టేది సుమారు 200.

కొన్ని రోజుల ముందే ప్రమాదం కనబడుతుంటే కందకం అన్నిటికన్నా మంచిది. మీటరు వెడల్పు, కూర్చుంటే తల మునిగే లోతు, పైన దుంగలు పక్కపక్కనే, వాటి మీద పాలిథిన్, ఆపైన 60 నుంచి 90 సెంటీమీటర్ల మట్టి. దారి తిన్నగా కాకుండా లంబంగా మలుపు తిప్పాలి. కిరణాలు మూల తిరగడంలో చాలావరకు తగ్గిపోతాయి. వదులు మట్టిలో గోడలు ఏటవాలుగా తవ్వకపోతే కూలతాయి. నీటిమట్టం పైనే ఉన్న నేలలో తవ్వితే మొదటి రాత్రికే అది చెరువు.

ప్రభుత్వం చేయాల్సింది

బంకర్ల గురించి అందరూ మాట్లాడతారు, మెసేజ్ గురించి ఎవరూ మాట్లాడరు. 2018 జనవరి 13 ఉదయం హవాయిలో అందరి ఫోన్లకూ క్షిపణి వస్తోంది, ఇది డ్రిల్ కాదు అని హెచ్చరిక వెళ్లింది. పొరపాటున. దాన్ని రద్దు చేసే మెసేజ్ ఫోన్లకు చేరడానికి 38 నిమిషాలు పట్టింది, ఎందుకంటే రద్దు మెసేజ్ ముందే రాసిపెట్టి లేదు. ఆ 38 నిమిషాల్లో మ్యాన్‌హోళ్లలోకి పిల్లల్ని దించినవాళ్లూ, ఎటు వెళ్లాలో తెలియక కార్లలో తిరిగినవాళ్లూ ఉన్నారు. అందరికీ హెచ్చరిక అందింది, ఏం చేయాలో అందలేదు. కాబట్టి మొదటి పని: హెచ్చరిక, లోపలికి వెళ్లండి, బయటికి రావచ్చు, పొరపాటు అనే నాలుగు మెసేజ్‌లు ముందే రాసి, ఎవరు నొక్కాలో, నొక్కేవాడు లేకపోతే మరెవరో తేల్చిపెట్టడం.

రెండోది, ఉన్న భవనాల లెక్క. కొత్తగా కట్టేముందు ఏ ఆఫీసు, ఏ స్టేషను, ఏ పార్కింగు బేస్‌మెంట్ వందో వంతుకు తగ్గించగలదో గుర్తించి, తలుపు మీద రాసి, తాళంచెవి పదిమందికి ఇవ్వాలి.

కట్టినవాళ్లూ ఉన్నారు. స్విట్జర్లాండ్ 1963 చట్టం నుంచి ఇళ్ల కింద షెల్టర్లు కట్టిస్తూ వచ్చి, ఇంచుమించు జనాభా అంతటికీ చోటు చేసింది. ఫిన్లాండ్‌లో 50 వేలకు పైగా షెల్టర్లు, 48 లక్షల మందికి చోటు. 1,200 చదరపు మీటర్లు దాటిన భవనంలో షెల్టరు తప్పనిసరి, 72 గంటల్లో వాడకానికి సిద్ధం చేయగలగాలి. శాంతికాలంలో వాటిని ఆటస్థలాలుగా, పార్కింగుగా వాడటంలోనే కిటుకు ఉంది. వాడకంలో ఉన్నదాని తలుపు తుప్పు పట్టదు.

తుప్పు పట్టేది ఎలా ఉంటుందో స్విట్జర్లాండ్‌లోనే లూసర్న్ నగరం చూపించింది. సోనెన్‌బెర్గ్ అనే రోడ్డు సొరంగాన్ని 1976లో 20,000 మందికి షెల్టరుగా కూడా పనికొచ్చేలా కట్టారు. ఒకటిన్నర మీటర్ల మందం, 350 టన్నుల తలుపులు. 1987లో నిజంగా వాడిచూద్దామని అభ్యాసం పెడితే ఒక తలుపు సరిగ్గా మూసుకోలేదు, వారమైనా మంచాలన్నీ వేయలేకపోయారు. తర్వాత దాని సామర్థ్యాన్ని 2,000కు కుదించారు. అమెరికా 1960ల్లో షెల్టర్లలో బిస్కెట్లు, 66 లీటర్ల నీళ్ల డ్రమ్ములు పేర్చింది. డ్రమ్ము ఖాళీ అయ్యాక దాన్నే మరుగుదొడ్డిగా వాడుకునేలా రూపొందించారు, తెలివైన పనే. కానీ మార్చేవాళ్లు లేక బిస్కెట్లు చెడిపోయాయి. ఏటా తిప్పి వాడే బడ్జెట్ లేకుండా సరుకు కొనడం డబ్బు పాతరేయడమే.

మూడోది కొలిచేవాళ్లు. ఇళ్లలోకి కొనే చవక గీగర్ కౌంటర్లలో, అంటే రేడియేషన్ కొలిచే మీటర్లలో, కొన్ని తీవ్రత బాగా పెరిగితే ఉక్కిరిబిక్కిరై సున్నాకి పడిపోతాయి, చూసినవాడు ప్రమాదం లేదనుకుంటాడు. గంటకు కొన్ని సీవర్టుల దాకా చూపే మీటర్లు అగ్నిమాపక కేంద్రాల్లో, పోలీసు స్టేషన్లలో ఉండాలి, ఏటా సరిచూడాలి. ఏ వీధివాళ్లు ఎప్పుడు బయటికి రావచ్చో చెప్పగలిగేది వాళ్లే.

ఆసుపత్రుల దగ్గర మాత్రం ఏ ప్రణాళికైనా ఆగిపోతుంది. హిరోషిమాలో డాక్టర్లు, నర్సుల్లో 90 శాతం పైగా ఆ రోజే చనిపోయారు లేదా గాయపడ్డారు. ఒళ్లు కాలిన ఒక్క రోగికి వారాల తరబడి ప్రత్యేక పడక కావాలి. వేలమంది ఒక్క పూటలో వస్తే అంత చోటు ఏ దేశంలోనూ లేదు. గాజుపెంకుల గాయాలనూ ధూళి డోసునూ ముందే తప్పించడం అందుకే అంత ముఖ్యం. తప్పించిన ప్రతి గాయం ఒక పడకను మిగులుస్తుంది.

ఇదంతా ఒక బాంబుకో, కొన్ని బాంబులకో సరిపోయే సన్నాహం. ప్రపంచంలో సుమారు 12,000 అణ్వాయుధాలున్నాయి, వాటిలో దాదాపు 90 శాతం అమెరికా, రష్యాల దగ్గరే. ఆ రెండూ పూర్తిగా తలపడితే కాలిన నగరాల మసి ఆకాశాన్ని కప్పి, పంటలు దెబ్బతిని, ఆకలితో 500 కోట్లమందికి పైగా చనిపోవచ్చని 2022లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఆ స్థితిలో బేస్‌మెంట్‌లోని రెండు వారాల తిండి మూడో వారం దాకా తీసుకెళ్తుంది. నాలుగో వారం నుంచి కావాల్సింది దేశం గోదాముల్లో పశువుల మేతగా ఉన్న గింజలను మనుషులకు మళ్లించే ఉత్తర్వు, వాటిని కదిలించే డీజిలు, చలికి ఆగే విత్తనాలు. అవి ఏ ఇంట్లోనూ దాచుకునేవి కావు.